అమ్మచెయ్యి

సంచి అడుగున బరువైనవి పెట్టాలి, పైన తేలికైనవి. ఆ సంగతి ఆ తల్లికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా ఆ శనివారం ఉదయం ఆమె రెండుసార్లు సర్ది రెండుసార్లూ తీసేసింది. మందుల డబ్బా అడుగున ఉంటే దారిలో తీసుకోవడం కష్టమని పైకి తెచ్చింది. పైన ఉంటే ఎవరైనా కొట్టేస్తారని మళ్ళీ మధ్యలోకి తోసింది. కళ్ళజోడు పెట్టెను తువ్వాల్లో చుట్టి, చుట్టింది ఎక్కడ పెట్టిందో మరిచిపోయి, మంచం మీదున్నవన్నీ దులిపి వెతికింది. పదకొండింటికి బస్సు. ఇంకా ఎనిమిది కాలేదు.

గుమ్మంలో అల్లుడు నిలబడి ఉన్నాడు. మోచేతుల దాకా తెల్లటి పొడి. దంతవైద్యులకు కట్టుడు పళ్ళు చేసిచ్చే పని అతనిది. ఇంటి ముందుగదే అతని కార్ఖానా.

"అత్తయ్యా, పది రోజులకి ఐదు స్వెటర్లా? మీ చెల్లెలుగారేమైనా ఐసు ఫ్యాక్టరీలో కాపురం ఉంటున్నారా?"

"అక్కడ చలెక్కువ బాబూ."

"చలెక్కువైతే రెండు. మరీ ఎక్కువైతే మూడు. ఐదంటే ఇంకేదో ఆలోచనలో ఉన్నట్టు."

"మీ పని చూసుకోండి. ముందుగదిలో ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నట్టున్నారు."

"మనుషులు రారు అత్తయ్యా నా దగ్గరికి. దవడ ఒక్కటే వస్తుంది, అదీ అచ్చులో. మనిషి డాక్టరు దగ్గరే ఆగిపోతాడు. అందుకే నాకింత మనశ్శాంతి."

ఆమె నవ్వాలని చూసింది. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. అతను ఒక్క క్షణం ఆమె వంక చూసి, ఏదో అనబోయి మానేసి, వెనక్కి తిరిగాడు.

వంటింట్లోంచి కూతురి గొంతు వినిపించింది. "అమ్మా, నీ బీపీ మాత్రలు నాలుగే ఉన్నాయి. సందు చివరికెళ్ళి తెచ్చేస్తా. ఇంకేమైనా కావాలా?"

"ఏం వద్దే పిచ్చుకా."

నలభై ఏళ్ళ మనిషిని పిచ్చుక అని పిలిచేది ఆ ఇంట్లో తల్లి ఒక్కతే. చిన్నప్పుడు మీటల మీద రెండే రెండు వేళ్ళతో, గింజలు ఏరుకునే పిట్టలాగా టకటక పొడిచేదని ఆ పేరు. ఇప్పటికీ ఆమె రెండు వేళ్ళతోనే కొడుతుంది. ఆ రెండు వేళ్ళతోనే ఆటలు తయారుచేసింది. కంప్యూటరు ఆటలు, ఫోను ఆటలు. ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు.

నేర్చుకున్న తీరు ఆ ఇంట్లో చాలాకాలం వేడుకగా చెప్పుకునే కథ. తల్లి ముప్ఫై ఎనిమిదేళ్ళు ఒక వకీలు దగ్గర టైపిస్టు. ఆ ఆఫీసుకు కంప్యూటరు వచ్చినప్పుడు కూతురికి పదకొండేళ్ళు. బడి అయ్యాక ఇంట్లో ఒక్కతే ఉండలేక తల్లి దగ్గరికి వచ్చి కూర్చునేది. గ్రంథాలయంలో పాత పత్రికల్లో ఆటల ప్రోగ్రాములు పేజీలకు పేజీలు అచ్చువేసి ఉండేవి. అక్షరం పొల్లుపోకుండా కొడితే ఆట వస్తుందని రాసి ఉండేది. పిల్ల రెండు వేళ్ళతో పేజీ కొట్టడానికి నాలుగు రోజులు పట్టేది. చూడలేక ఒకరోజు ఐదు దాటాక తల్లే కూర్చుంది. పదివేళ్ళతో, కాగితం మీంచి కన్ను తిప్పకుండా, ఆరు పేజీలు గంటలో కొట్టి లేచింది.

ఆట రాలేదు. తెర మీద తప్పు, తప్పు అని వరసలు పడ్డాయి.

పదకొండు రోజులు వెతికింది ఆ పిల్ల. ఒక్కొక్క వరసా పత్రికతో పోల్చి చూసింది. అంతా సరిగ్గానే ఉన్నట్టుంది. పోల్చి లాభం లేదని, అసలు ఏ వరస ఏం చేస్తుందో తెలుసుకోవాలని మొదలుపెట్టింది. పదకొండో రోజున తెలిసింది. తల్లి కొట్టిన ఒకట్లు ఒకట్లు కావు, చిన్న ఎల్ అక్షరాలు. సున్నాలు సున్నాలు కావు, పెద్ద ఓ అక్షరాలు. తల్లి పని నేర్చుకున్న పాత మెషీనులో ఒకటికి మీటే లేదు. ఆ కాలపు టైపిస్టులందరూ ఒకటి కావలసిన చోట ఎల్ కొట్టేవారు. కాగితం మీద తేడా తెలిసేది కాదు. కంప్యూటరుకు తెలిసింది.

అప్పటికి ఆ పిల్లకు ఆరు పేజీల ప్రోగ్రాము అక్షరం అక్షరం అర్థమైపోయి ఉంది. ఆమె చదువంతా ఆ తప్పులోంచి వచ్చిందే.

తల్లి ఎంత ప్రయత్నించినా ఆ అలవాటు పోలేదు. చూసి కొడితే సరిగ్గా పడేది, వేగంగా కొడితే వేళ్ళు వాటి దారిన అవి పోయేవి. పదమూడో ఏట కూతురే ఉపాయం కనిపెట్టింది. తల్లి కొట్టిన లెక్కల పట్టికను కంప్యూటరు చదివేటప్పుడు, అంకెల మధ్య ఎల్ కనిపిస్తే ఒకటి అనుకోమని, ఓ కనిపిస్తే సున్నా అనుకోమని పది వరసల చిన్న ముక్క రాసింది. దానికి 'అమ్మచెయ్యి' అని పేరు పెట్టింది. పైన ఒక గమనిక కూడా రాసింది: 'అమ్మ ఒకటి కొడితే ఎల్ పడుతుంది. అడక్కుండా దిద్దు.' తల్లికి చూపిస్తే, వకీలుగారి ఫైళ్ళు పక్కన పెట్టి మరీ చదువుకుంది. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్తూ దారంతా నవ్వుతూనే ఉంది.

ఆ ముక్క ప్రతి ఆటలోనూ ఉంది. పన్నెండంతస్తుల భవనంలో లిఫ్టు నడిపే ముసలాయన ఆటలో ఉంది. బస్సుల్లో, ఆసుపత్రి వరండాల్లో జనం ఆడుకున్న ఆట అది. పత్రికలో కూతురి ఫోటో పడింది, ఆఫీసు అద్దెకు తీసుకుంది, నలుగురు పనివాళ్ళు వచ్చారు. రెండేళ్ళు అలా గడిచాయి. ఫోన్లు మారిపోయాయి, పాత ఆట కొత్త ఫోన్లలో తెరుచుకోలేదు. రెండో ఆటను ఎవరూ కొనలేదు. మూడోది పూర్తికాలేదు. ఉద్యోగాలకు వెళ్తే మొదటి ప్రశ్న ఏ కాలేజీ అని. ఇంట్లో నేర్చుకున్నానంటే, ఇంట్లో కుట్లూ అల్లికలూ నేర్చుకున్నానని విన్నట్టు చూసేవారు. నాలుగేళ్ళు మొగుడి ముందుగదిలో కూర్చుని కట్టుడు పళ్ళను పెట్టెల్లో సర్దింది.

ఆ నాలుగేళ్ళ చివర పుట్టింది స్టేషను ఆట. ఆడేవాళ్ళు స్టేషను మాస్టర్లు. ఏ రైలు ఏ నిమిషానికి ఏ ప్లాట్‌ఫారం మీదికి రావాలో నడిపించాలి. ఆటలు అమ్మిపెట్టే పెద్ద కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. దాని యజమానిని ఇంట్లో అందరూ పెద్దాయన అనేవారు. మళ్ళీ ఆఫీసు, మళ్ళీ ఐదుగురు మనుషులు. ఆఖరి నెలల్లో కూతురి మణికట్టు వాచిపోతే, రైళ్ళ వేళల పట్టికలు తల్లి కొట్టింది. పద్నాలుగు స్టేషన్లలో పన్నెండు స్టేషన్ల పట్టికలు ఆమె చేతివే. డెబ్భై రెండేళ్ళ వయసులో రోజూ భోజనం డబ్బా పట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఆ మూడు నెలలూ ఆమె మందులు వేసుకోవడం కూడా మరిచిపోలేదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం ఆట విడుదలైంది. మొదటి రెండు స్టేషన్లు బాగానే నడిచాయి. మూడో స్టేషను నుంచి పంతొమ్మిది రైళ్ళు ఒకే నిమిషానికి ఒకే ప్లాట్‌ఫారం మీదికి వచ్చి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. జనం వీడియోలు తీసి పంచుకుని నవ్వుకున్నారు. సాయంత్రానికల్లా కొన్నవాళ్ళు వెనక్కి ఇచ్చేయడం మొదలైంది. కూతురు ఫోనులో పెద్దాయనతో మాట్లాడుతుంటే తల్లి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వెనకాలే నిలబడి ఉంది.

"పట్టికలు కొట్టినవాళ్ళు తప్పు కొట్టారు సార్... లేదు సార్, ఇంజనీర్లు కాదు. మా అమ్మ. పెద్దవయసు సార్."

తల్లి గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు ఒక్కసారి అడిగింది, "అమ్మచెయ్యి ఉంది కదే? అది దిద్దలేదా?" అని. "పాత పద్ధతులు కొత్త మెషీన్లలో పనిచెయ్యవమ్మా, వదిలెయ్" అంది కూతురు. మళ్ళీ అడగలేదు.

నాలుగు నెలలైంది. ఆఫీసు మూసేశారు. ఇంట్లో ఎవరూ తల్లిని ఒక్క మాట అనలేదు. ఎవరూ అనకపోవడంతో ఆమె తనను తానే అనుకుంది. కూతురు ఇరవై తొమ్మిదేళ్ళు కష్టపడి కట్టుకున్నదాన్ని తన వేళ్ళు కూల్చేశాయి అనుకుంది. అన్నం వడ్డించేటప్పుడు కూతురి ముఖం చూడలేకపోయేది. అందుకే చెల్లెలి ఊరికి ప్రయాణం కట్టింది. పది రోజులని చెప్పింది.

*

కూతురు మాత్రల కోసం వెళ్ళిన కాసేపటికి గంట మోగింది. తల్లి తలుపు తీసింది. అట్టపెట్టె పట్టుకుని బొమ్మలావిడ నిలబడి ఉంది. స్టేషను ఆటలో రైళ్ళూ మనుషులూ అన్నీ ఆమె గీసినవే. ఆఫీసులో మూడు నెలలు తల్లి పక్క కుర్చీ ఆమెది.

"బాగున్నారా పిన్నిగారూ? ఆఫీసు తాళాలు ఇచ్చేస్తున్నారు, మేడమ్ వస్తువులు మిగిలిపోతే తెచ్చాను. ఇదిగో, మీ దిండు కూడా. కుర్చీలో పెట్టుకునేవారే."

"లోపలికి రామ్మా. ఉద్యోగం దొరికిందా?"

"ఎక్కడండీ. పిల్లల పుస్తకాలకి కుందేళ్ళు గీస్తున్నాను. ఒక్కటే కుందేలు. చొక్కా మారుస్తారు, మళ్ళీ గీయమంటారు." ఆమె పెట్టె కింద పెట్టి సంచి వైపు చూసింది. "ఊరెళ్తున్నారా?"

"చెల్లెలి దగ్గరికి. నా చేతుల మీదుగా అంత నష్టం జరిగాక ఇక్కడ కూర్చోవడం నాకే సిగ్గుగా ఉందమ్మా. మీ అందరి ఉద్యోగాలూ పోగొట్టాను."

ఆ మాట ఆమె సరదాకు అందేమో అన్నట్టు బొమ్మలావిడ చూసింది.

"మీరా? మీరేం చేశారు పిన్నిగారూ?"

"పట్టికలు నేనే కదా కొట్టింది. ఒకట్ల చోట ఎల్లులు పడ్డాయి."

"పడితే? మీవి ఎప్పుడూ ఎల్లులే కదా. దానికోసమేగా ఆ అమ్మచెయ్యి ఉండేది. దాన్ని తీసెయ్యకుండా ఉంటే ఒక్క రైలు కూడా..." ఆమె ఆగిపోయింది. తల్లి ముఖంలో ఏం చూసిందో, పెట్టె అంచు పట్టుకుంది. "మీకు తెలుసనుకున్నానండీ."

"ఎవరు తీసేశారమ్మా?"

"నేను వెళ్తానండీ. పిల్లని బడి దగ్గర..."

"ఇవాళ బడి సెలవు కదా. కూర్చో. ఎవరు తీసేశారు?"

ఆ గొంతు వకీలు ఆఫీసులో పత్రం మీద సంతకం లేదని కక్షిదారులను వెనక్కి పంపిన గొంతు. బొమ్మలావిడ కూర్చుంది. చెప్పింది. విడుదలకు వారం ముందు పెద్దాయన కంపెనీ నుంచి ఒక నిపుణుడు వచ్చాడు. మేడమ్ పక్కనే కూర్చుని ప్రోగ్రామంతా చదివాడు. ఆ ముక్క దగ్గర ఆగి, పేరును కూడబలుక్కుని పైకి చదివాడు. ఇదేమిటి, మంత్రమా అని అడిగాడు. అందరూ నవ్వారు. బొమ్మలావిడా నవ్వింది. మేడమ్ ముఖం ఎర్రబడింది. చెత్త, చిన్నప్పటిది అని, ఆయన చూస్తుండగానే తన చేత్తో తుడిచేసింది. పరీక్షలన్నీ అప్పటికే అయిపోయాయి కాబట్టి మళ్ళీ ఎవరూ పట్టికలు నడిపి చూడలేదు.

"విడుదలరోజు గంటలో తెలిసిపోయిందండీ మేడమ్‌కి. తల పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి మీకు చెప్పే ఉంటుందనుకున్నాం."

వీధి తలుపు తోసుకుని కూతురు వచ్చింది. చేతిలో మందుల పొట్లం. బొమ్మలావిడను చూసి నవ్వబోయింది. ఇద్దరి ముఖాలూ చూసి ఆగింది.

"నే వెళ్తాను మేడమ్" అని బొమ్మలావిడ చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూనే బయటపడింది.

*

"పదింటికల్లా బయలుదేరాలమ్మా" అంది కూతురు, పొట్లం బల్ల మీద పెడుతూ. "శనివారం కదా, రద్దీ ఉంటుంది."

"ఏమని చెప్పావే ఆయనకి?"

"ఎవరికి?"

"ఆ నిపుణుడికి. అమ్మచెయ్యంటే ఏమిటని అడిగితే ఏమని చెప్పావు?"

కూతురు కుర్చీ లాక్కుంది గానీ కూర్చోలేదు. "అదా చెప్పడానికి వచ్చింది ఆవిడ?"

"ఆవిణ్ణి ఎందుకంటావు. నువ్వు చెప్పు."

"చెత్తన్నాను." ఆమె గొంతు పెరిగింది. "చెత్తన్నాను, చాలా? అక్కడ కూర్చుని చూస్తే తెలిసేది నీకు. రెండు పెద్ద డిగ్రీలున్నవాడు. నా రెండు వేళ్ళు చూసి అప్పటికే ఒకసారి నవ్వాడు. నేను రాసిన ప్రతి వరసా ఇస్త్రీచొక్కా మీద మరక చూసినట్టు చూస్తున్నాడు. అప్పుడు బయటపడింది అది. ఏం చెప్పమంటావు? మా అమ్మ కొట్టిన తప్పులు దిద్దడానికి పదమూడేళ్ళప్పుడు రాసుకున్నానని చెప్పనా? నలభై ఏళ్ళొచ్చినా ఇంకా అమ్మ చెయ్యి పట్టుకునే నడుస్తున్నానని చెప్పనా?"

"చెప్పలేకపోయావు. సరే. సిగ్గేసింది, తీసేశావు. అదీ సరే." తల్లి నెమ్మదిగా మంచం అంచున కూర్చుంది. "తరవాత నా పేరెందుకు చెప్పావు?"

"నువ్వు కొట్టింది తప్పే కదమ్మా! ఒకటి మీట ఉంది కదా, ఎదురుగా, అంత పెద్దది! ఇరవై తొమ్మిదేళ్ళుగా ఉంది. ఒకటికి ఒకటి కొట్టి ఉంటే నేనేం తీసేసినా ఏమయ్యేది కాదు."

"అవును. నా తప్పు ఉంది. ఆ తప్పు నీకు పదకొండేళ్ళప్పటి నుంచీ తెలుసు. నీ తప్పు నాకు ఇవాళ తెలిసింది."

ముందుగది తలుపు దగ్గర అల్లుడు వచ్చి నిలబడ్డాడు. చేతిలో సగం నునుపు చేసిన పై వరస పళ్ళున్నాయి. ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"ఒక మాట చెప్పనా" అన్నాడు భార్యతో. "నువ్వు తిట్టినా సరే. మీ అమ్మగారు రోజూ మధ్యాహ్నం నువ్వు బయటికెళ్ళాక ఆ పాత కంప్యూటరు ముందు కూర్చుంటున్నారు. ఉత్తరాలు కొడుతున్నారేమో అనుకున్నాను. మొన్న వెళ్ళి చూశాను. తెర నిండా ఒకట్లు. పై నుంచి కింది దాకా ఒకటి, ఒకటి, ఒకటి. వేల ఒకట్లు. ఏమిటత్తయ్యా అంటే, వేలికి నేర్పుతున్నా బాబూ అన్నారు."

"మీకెందుకివన్నీ" అంది తల్లి.

"నాకెందుకో నాకే తెలీదత్తయ్యా. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

కూతురు అలాగే నేల మీద కూలబడింది. తల్లి మోకాళ్ళకు తల ఆనించి ఏడ్చింది. చిన్నపిల్లలా ఏడవలేదు. దగ్గు వచ్చినట్టు, తెరలు తెరలుగా, సిగ్గుపడుతూ ఏడ్చింది. తల్లి చెయ్యి దానంతటదే లేచి ఆమె జుట్టు మీద పడింది. చాలాసేపు నిమురుతూ ఉండిపోయింది. అల్లుడు చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

"క్షమించమ్మా."

"క్షమించకేం చేస్తాను. ఒక్కతివి నువ్వు." తల్లి ముక్కు తుడుచుకుంది. "ఒక్క పని చెయ్యి. ఆయనకి ఫోను చెయ్యి."

"ఎవరికి?"

"పెద్దాయనకి. తప్పు నాదే, మా అమ్మది కాదని చెప్పు. ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేను కొట్టిన కాగితం ఒక్కటి కోర్టు నుంచి వెనక్కి రాలేదే. జడ్జిగారు ఒకసారి అడిగారట, ఇది ఎవరు టైపు చేశారని. మెచ్చుకోడానికి. ఇప్పుడు ఎక్కడో ఒకాయన నా గురించి, పెద్దవయసు, కళ్ళు కనపడవు, అనుకుంటున్నాడు. నాకది నిద్రపట్టనివ్వట్లేదు. ఇప్పుడే చెయ్యి. నేను వింటాను. విని ఈ సంచి విప్పేస్తాను."

కూతురు తలెత్తి చూసింది. ఆమె చూపులో ఏముందో తల్లికి అర్థమైంది. సోమవారం. కూతురు ఉద్యోగంలో చేరేది పెద్దాయన కంపెనీలోనే. ఆట మునిగినా మనిషి పనికొస్తుందని పిలిచాడు. ఏ కాలేజీ అని అడగకుండా ఇరవై ఏళ్ళలో వచ్చిన మొదటి ఉద్యోగం అది.

"సోమవారం చేరుతున్నానమ్మా. ఇవాళ చెబితే..."

"చెబితే?"

"పరీక్షించకుండా తుడిచేసిందనీ, అబద్ధం చెప్పిందనీ తెలిస్తే రానిస్తారా? ఒక నెల ఆగు. కాస్త నిలదొక్కుకోనీ. నేనే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెబుతాను. ఒట్టు."

"నెలా?"

"నెలేనమ్మా. నువ్వు పది రోజులు అక్కడుండి వచ్చేసరికి..."

తల్లి ఆమె ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ ముఖంలో పదకొండేళ్ళ పిల్ల ఎక్కడుందా అని వెతుకుతున్నట్టుంది. తరవాత లేచి, మాత్రల పొట్లం తీసి, డబ్బాలో పోసి, సంచి మధ్యలో పెట్టి జిప్పు లాగింది.

"సరేలే. ఉద్యోగం ముఖ్యం. బస్సు టైమవుతోంది."

"కోపమా అమ్మా?"

"కోపం కాదే. కోపమైతే పోయేది."

బస్టాండు దాకా కూతురు వస్తానంది. వద్దంది తల్లి. అల్లుడు సంచి పట్టుకుని ముందు నడిచాడు. బస్సు కదిలేదాకా కిటికీ కింద నిలబడి, కట్టుడు పళ్ళు పెట్టుకుని తుమ్మిన జడ్జిగారి కథ చెప్పాడు. ఈసారి ఆమె నిజంగానే నవ్వింది. ఆ నవ్వు చూసి, పది రోజులే కదా అని అతను ధైర్యంగా ఇంటికి వెళ్ళాడు.

*

కూతురు ఉద్యోగంలో చేరింది. కిటికీ పక్క బల్ల ఇచ్చారు. మొదటి వారంలోనే ఎవరికీ అంతుబట్టని తప్పు ఒకటి కనిపెట్టింది. నలుగురూ వచ్చి భుజం తట్టారు. ఆ నిపుణుడు కూడా వచ్చి తట్టాడు. ఆ తట్టడం ఆమెకు అన్నం సహించకుండా చేసింది. పది రోజులు గడిచాయి. తల్లి ఇంకా కొన్నాళ్ళు ఉంటానంది. పన్నెండో రోజున కూతురు ఇక ఆగలేక పెద్దాయన గది తలుపు తట్టింది.

"కూర్చోమ్మా. ఏమిటి సంగతి?"

"స్టేషను ఆట గురించి సార్. ఆరోజు మా అమ్మ పట్టికల్లో తప్పు వల్ల అని చెప్పాను. అది నిజం కాదు. వాటిని దిద్దే ముక్క ఒకటి ఉండేది. దాన్ని నేనే తీసేశాను. తప్పు నాది."

పెద్దాయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"అదా? అది తెలుసు కదమ్మా. మావాడు ఆరోజే చెప్పాడు, తన ఎదురుగానే తీసేశావని."

"తెలుసా సార్?"

"తెలుసు. నువ్వేదో కంగారులో మీ అమ్మగారి పేరు చెప్పావు, సరేలే అనుకున్నా. పని తెలిసినవాళ్ళు అలాంటివి పది చేస్తారు. తెలిసే కదా పిలిచాను." ఆయన ముందున్న కాగితాలు తిప్పాడు. "ఇంకేమైనా ఉందా?"

ఇంకేమీ లేదు. ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని తల్లికి ఫోను చేసింది. ఏడుస్తూనే చెప్పింది. చెప్పేశాననీ, ఉద్యోగం పోలేదనీ, వాళ్ళకు మొదటి నుంచీ తెలుసనీ చెప్పింది.

అవతల తల్లి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపించింది.

"అయితే" అంది తల్లి, "ఈ నాలుగు నెలలూ తెలియనిది నా ఒక్కదానికేనన్నమాట."

"అమ్మా, నేనొచ్చి తీసుకొస్తాను. ఈ ఆదివారమే వస్తాను."

"ఎందుకే, కొత్త ఉద్యోగం. సెలవులు వాడుకోకు. చలి కాస్త తగ్గనీ, నేనే వస్తాను."

"తప్పకుండా వస్తావా?"

"వస్తాలే. అన్నం తిన్నావా?"

కూతురు తిన్నానని చెప్పింది. తినలేదు.

ఆ ఆదివారం ఆఫీసులో పని పడింది. తరవాతి ఆదివారం అల్లుడికి జ్వరం వచ్చింది. ఆ తరవాతి ఆదివారానికి టికెట్టు తీసుకుని, చెల్లెలి ఇంట్లో చుట్టాలున్నారు, రెండు వారాలు పోయాక రమ్మని తల్లే అంటే మార్చుకుంది.

తల్లి ఆ ఇంటికి మళ్ళీ రాలేదు. వెళ్ళింది జనవరి పదిహేడు, శనివారం. ఫిబ్రవరి ఇరవై ఆరు, గురువారం, ఉదయం ఆరున్నరకు చెల్లెలి ఇంట్లో పోయింది.